శునకము మనల నెట్లెఱుగును?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికపై మాతృభాషను గూర్చియో, పరీక్షలను గూర్చియో మేము మాటలాడుదుమని మీరు తలంచియుందురు. మేము కుక్కను గూర్చి మాటలాడ వచ్చితిమి. విషయము చిన్నదని యెంచవలదు. ఈ పాఠశాలకు వచ్చు బాలుడు ఇల్లు వెడలి ఈ గేటు చేరులోపల ఎందఱు మనుష్యులతో పలుకునో చెప్పలేము గాని, రెండు మూడు కుక్కలనైనను దాటక రాడు. ఆ కుక్కలు వానిని చూచుచున్నవి. వాని నడకను, చేతులను, చేతిలోని సంచిని గమనించుచున్నవి. వానిని గూర్చి ఏదో యొక నిర్ణయమునకు వచ్చుచున్నవి. ఆ నిర్ణయము దేనినిబట్టి జరుగునో తల్లిదండ్రులు తెలిసికొనుట అవసరమని మా అభిప్రాయము.

మన హోసూరు వీధికుక్కకు అన్ని యూళ్ళ కుక్కలకు లేని చదువొకటి కలదు. మన గడపలో దానిని ‘రా’ యని పిలుతుము. ప్రక్కయింటి కన్నడిగులు ‘బా’ యందురు. బస్‌స్టాండు చెంత టీకొట్టువాడు ‘వా’ యనును. కృష్ణగిరి పాతపేటలో ఉర్దూ మాటలాడు ఇల్లాలు ‘ఆ’ యనును. నాలుగును ఒక్క యక్షరపు మాటలే. నాలుగింటికిని అది తోక యాడించుచు వచ్చును. నాలుగు భాషలు నేర్చినదా? లేక ఏ భాషయు నేర్వక, భాష వెనుకనున్న మనిషిని నేర్చినదా?

ఇట్టి ప్రశ్నను శాస్త్రజ్ఞులు గట్టిగా పట్టుకొన్నది మొదట కుక్కతో గాక గుఱ్ఱముతో. గుఱ్ఱము మన హోసూరువారికి క్రొత్త కాదు. మత్తిగిరి పశుక్షేత్రము 1824లో ఏర్పడినది సైన్యపు గుఱ్ఱముల కొఱకే. ఇరువదవ శతాబ్దారంభమున బెర్లిను నగరములో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయునివద్ద హాన్స్ అను గుఱ్ఱముండెను. లెక్క యడిగినచో డెక్కతో నేలను తట్టి జవాబు చెప్పెడిది. 1904లో పెద్దలసంఘమొకటి పరీక్షించి, ఇందు మోసము లేదని తేల్చెను. నిజముగనే మోసము లేదు. కాని ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు మఱింత నిదానించి చూచి 1907లో తన ఫలితములను ప్రకటించెను. ప్రశ్న వేయువానికే జవాబు తెలియనప్పుడును, అతడు గుఱ్ఱమునకు కనబడనప్పుడును హాన్సుకు లెక్క రాలేదు. తట్టులు సరియైన సంఖ్యకు చేరగానే అడిగినవాని తల తనకు తెలియకుండగనే రవ్వంత కదలెడిది. హాన్స్ ఆ కదలికను చూచి డెక్క నాపెడిది. దానికి లెక్క రాదు, మనిషి వచ్చును. లోకము దీనిని గుఱ్ఱము ఓటమిగా చెప్పుకొన్నది. మాకు మాత్రము కూడికలు నేర్చుటకన్న ఇదియే పెద్ద విద్యగా తోచును.

ఈ విద్యలో కుక్కకు సాటివచ్చు జంతువు అరుదు. దీనిని చూచుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. రెండు గిన్నెలలో ఒకదానియందు ఆహారము దాచి, వాసనచే తెలియకుండ జాగ్రత్తపడి, ఒక మనిషి నిలువబడి ఆహారమున్న గిన్నెను వ్రేలితో చూపును. మన బిడ్డకు ఏడాది నిండి కొంతకాలమగునప్పటికి ఆ వ్రేలి యర్థము తెలియును. మనకు దగ్గఱి చుట్టమగు చింపాంజీ ఇంత చిన్న పరీక్షలో తడబడును. కుక్క తడబడదు. బ్రయన్ హేర్ మున్నగువారు 2002లో ప్రకటించిన వ్యాసమున, చింపాంజీలకంటెను, మనుష్యులు పెంచిన తోడేళ్ళకంటెను కుక్కలు ఈ సైగను చక్కగా గ్రహించినవనియు, మనుష్యులతో ఎక్కువ మెలగని కూనలకు సైతము ఈ నేర్పు కలదనియు చెప్పిరి. తోడేళ్ళ పెంపకమును గూర్చి తరువాత వాదప్రతివాదములు చాల జరిగినవి. 2021లో ఎమిలీ బ్రే బృందమువారు అమెరికాలో ఎనిమిది వారముల కూనలను 375 పరీక్షించి, ఈ నేర్పులో ఒక కూనకును మఱొక కూనకును గల భేదమున నూటికి 40 పాళ్ళకు పైగా పుట్టుకతో సంక్రమించునదే యని లెక్కగట్టిరి. వేలయేండ్లు మనిషి గుమ్మమున పడియుండుటచే వచ్చిన సంస్కారమన్నమాట.

పై కుక్కలన్నియు ఇండ్లలో ముద్దుగా పెరిగినవి, లేదా శిక్షణకై పెంచినవి. అట్టివి మనకును లేకపోలేదు. రాజపాళయపు తెల్లని వేటకుక్కకు పేరు తెచ్చినవారు మన తెలుగు రాజులే. కాని అంగడిముందు దుమ్ములో ముడుచుకొని పండుకొను, ఎవరికిని చెందని గోధుమవన్నె కుక్క మాటయేమి? దానిని ఎవ్వరు ఏ పాఠశాలకు పంపిరి?

ఈ ప్రశ్నను మన దేశమువారే వేసిరి. బెంగాలులో ఐసర్ అను విజ్ఞానసంస్థయందు అనిందితా భద్ర గారును వారి శిష్యులును చాలకాలముగ వీధికుక్కల నడవడిని పరిశీలించుచున్నారు. 2020లో వారు ప్రకటించిన పరిశోధనలో 160 వీధికుక్కలకు వ్రేలిసైగ పరీక్ష పెట్టిరి. ఇంచుమించు సగము గిన్నెల దరికే రాలేదు. వచ్చినవానిలో నూటికి 80 వంతులు మనిషి చూపిన గిన్నెవద్దకే పోయినవి. ఎవరును నేర్పకయే, అపరిచితుని చేతిసైగను గ్రహించినవి. చాలమంది ఈ 80ని చూచి మెచ్చుకొనిరి. మేము దరికి రాని ఆ సగమును గూర్చియే ఎక్కువ ఆలోచించితిమి. అవి తెలివి తక్కువవి కావు, బెదరినవి. మనిషిచేయి అన్నము పెట్టునో రాయి విసరునో వాటికి నిశ్చయము లేదు.

ఆ బెదరు ఊరక వచ్చినది కాదు. అదే పరిశోధనాలయమువారు బెంగాలు వీధులలో 364 కూనలను పుట్టినది మొదలు వెంబడించి 2016లో లెక్క ప్రకటించిరి. ఏడు నెలల ప్రాయము చేరినవి నూటికి 19 మాత్రమే. చచ్చినవానిలో నూటికి 63 ఏదో విధముగ మనుష్యుల మూలమునే చచ్చినవి: బండ్ల క్రింద పడియో, దెబ్బలు తినియో, విషము తినియో, ఎత్తుకొనిపోబడియో. ఇట్టి లోకమున బ్రదికి బట్టకట్టిన ప్రతి కుక్కయు మనుష్యులను చదువుటలో ఉత్తీర్ణమైనదే. మన బాలురకు పరీక్ష తప్పినచో మఱుసటి యేడు కలదు; దానికి లేదు. ఐనను 2017లో వీరే ప్రకటించిన మఱొక సంగతి వినుడు. క్రొత్తవారు కొందఱు అదే పనిగ ఆహారము పెట్టుచు, మఱికొందఱు తల నిమురుచు వచ్చినచో, కుక్కలు తిండి పెట్టినవారికంటె తల నిమిరినవారినే ఎక్కువ నమ్మినవి.

ఇక మాటల సంగతికి వత్తము. కుక్క నేర్చు మొదటి మాట తన పేరు. కుక్కపేరునకు మన సీమవారిచ్చిన గౌరవమును చెప్పక ముందునకు పోజాలము. ధర్మపురి, కృష్ణగిరి, తిరువణ్ణామలై ప్రాంతములు వీరగల్లులకు పేరుగన్నవి. ఊత్తంగరై దాటి చెంగము సీమకు పోయినచో ఎడుత్తనూరు అను పల్లె కలదు. అచ్చట పల్లవ మహేంద్రవర్మ కాలపు, అనగా ఏడవ శతాబ్దపు, వీరగల్లు నిలిచియున్నది. పశువులకై పోరి మడిసిన వీరుని సరసనే అతని కుక్కను చెక్కి, దాని పేరు కోవివన్ అనియు, అది దొంగను కరచి కావలి నిలిచినదనియు వ్రాయించిరి. కన్నడదేశమున మండ్య సీమకు చెందిన ఆతకూరు శాసనము క్రీ. శ. 949-50 నాటిది. గంగరాజు బూతుగుని కొలువులోని మణలేర యను వీరుడు తన పరాక్రమమునకు బహుమానము కోరుకొమ్మనగా, కాళి యను వేటకుక్కను కోరుకొనెను. ఆ కుక్క అడవిపందితో పోరి, రెండును మడియగా, కాళికి శిల నిలిపిరి. ఆ శిల నేడు బెంగళూరు సంగ్రహాలయమున కలదు. మనకు నలువది కిలోమీటర్ల దూరము. సినిమాకు పోయినంత సులభముగ పిల్లలను కొనిపోయి చూపవచ్చును. ఒకటి తమిళ శాసనము, ఒకటి కన్నడ శాసనము. ఆ రెండు సీమల నడుమనున్న తెలుగువారము మనము. ఆ శిలలు చెక్కించినవారు మెదడును గూర్చి ఏమియు ఎఱుగరు. మనిషి మనసు కుక్కకు తెలియునని మాత్రము ఎఱుగుదురు.

పేరు దాటి ఎన్ని మాటలు నేర్వగలదు? జర్మనీలో రికో యను గొఱ్ఱెలకాపరి జాతి కుక్కకు ఇంచుమించు 200 ఆటవస్తువుల పేర్లు తెలియునని 2004లో ప్రకటించిరి. తెలిసిన బొమ్మల నడుమ తెలియని దానినొకదానినుంచి, ఎన్నడు వినని పేరు చెప్పినచో, ఆ పేరు ఆ క్రొత్తదానిదే యై యుండునని ఊహించి తెచ్చెడిది. అమెరికాలో జాన్ పిల్లే యను విశ్రాంత మనస్తత్వశాస్త్రాచార్యుడు తన చేసర్ యను కుక్కకు 1022 వస్తువుల పేర్లు నేర్పినట్లు 2011లో వెల్లడియైనది. వృద్ధుడు మూడేండ్లు దినమునకు నాలుగైదు గంటలు దానితో కూర్చుండెను. అంత ఓపిక మన యుపాధ్యాయులకు గూడ దుర్లభము. ఇవి అసాధారణమైన కుక్కలు. మన వాకిటి కుక్కకు పదో పదునైదో మాటలు వచ్చినను మేలే.

మఱి సామాన్యమైన కుక్క మాటను వినునా, గొంతును వినునా? హంగెరీ దేశపు బుడాపెస్టు నగరములో అత్తిలా ఆండిచ్ బృందమువారు కుక్కలకు ఎం.ఆర్.ఐ. యంత్రములో కదలక పండుకొనుట నేర్పిరి. కట్టివేయరు, మత్తు ఈయరు. తమంతట తాము పండుకొనును. (మన పిల్లలు సంధ్యావందనమునకైనను అంత నిశ్చలముగ కూర్చుండరు.) 2016లో ప్రకటించిన ప్రయోగమున 13 కుక్కలకు మెచ్చుకోలు మాటలను, అర్థములేని సామాన్యపు మాటలను, ముద్దుగొంతుతోను, ఉదాసీనముగను వినిపించిరి. మెచ్చుకోలు మాటయు, ముద్దుగొంతును రెండును కలసినప్పుడే మెదడులో సంతోషమునకు సంబంధించిన భాగము మేల్కొన్నది. పొడిగొంతుతో మెచ్చుకొన్నను చాలలేదు. అర్థములేని మాటను ముద్దుగా పలికినను చాలలేదు. కుక్కను పొట్టి మాటలతో మోసపుచ్చవచ్చునని యనుకొనువారు ఇది గమనింపవలెను.

ఆ నగరమునుండియే వచ్చిన మఱియొక వార్త మనవంటి వారి కొఱకే వచ్చినట్లున్నది. లారా క్వాయా యను పరిశోధకురాలు మెక్సికో దేశమునుండి తన కుక్క కున్‌కున్‌తో బుడాపెస్టు చేరెను. ఇంట స్పానిషు భాష, వీధిలో హంగెరీ భాష. తన కుక్కకు ఈ మార్పు తెలిసినదా యని ఆమెకు సందేహము కలిగెను. 18 కుక్కలకు, ‘చిన్న రాకుమారుడు’ కథను రెండు భాషలలోను వినిపించి మెదడును పరిశీలించిరి. ప్రతి కుక్కకును అంతవరకు ఒక్క భాషయే పరిచితము. తెలిసిన భాషకును తెలియని భాషకును కుక్కల మెదడు వేర్వేరుగ స్పందించినట్లు తేలెను. ముసలి కుక్కలలో ఈ భేదము మఱింత స్పష్టము. ఈ ఫలితములు 2022 నాటికి లోకమంతట తెలిసినవి. మూడు భాషల నడుమ మా బిడ్డ చెడిపోవునేమో యని దిగులుపడు తల్లిదండ్రులకు ఈ కుక్కను జూపి ధైర్యము చెప్ప సాహసింపము. అది తర్కము కాదు. బిడ్డ పలుకవలెను, చదువవలెను, వ్రాయవలెను. కుక్క వినిన చాలును. ఒక్క సంగతి మాత్రము చెప్పవచ్చును. ఇంట పలుకు భాష ఇంటిలోని ప్రతి ప్రాణి చెవిలోను నాటుకొనును. గడపలోని ‘రా’ తన యింటి పలుకు అనియు, బస్‌స్టాండులోని ‘వా’ వెలుపలి పలుకు అనియు ఆ కుక్కకు గుర్తుండవచ్చును. ఐనను దానిని మన దరికి రప్పించునది పలుకు మాత్రమే కాదు. చాచిన చేయి, వంచిన నడుము, మెత్తని గొంతు, నిత్యము అన్నము పెట్టు వేళ, ఇవన్నియు కూడి దానికొక వాక్యమగును.

ముఖమును గూర్చియు ఒక మాట. కుక్క కనుబొమలోపలి కొసను పైకెత్తి దీనముగ చూచునప్పుడు మనకు మనసు కరగును. అట్లెత్తుటకు తగిన కండరము కుక్కలలో బలముగ నున్నదనియు, తోడేళ్ళలో అది లేనట్లే యనియు 2019లో జూలియన్ కమిన్‌స్కి మున్నగువారు చూపిరి. దీనముఖము పెట్టగల కుక్కలకే మన పూర్వులు ఇంత ముద్ద పెట్టుచు వచ్చిరి కాబోలు. ఇక తప్పుచేసిన కుక్క తలవంచుకొనునని అందఱు చెప్పుదురు. న్యూయార్కులో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలపై దీనిని పరీక్షించెను. తినవలదన్న వస్తువును తిన్న కుక్కయు, తినని కుక్కయు, యజమాని గద్దించినప్పుడు ఒక్కరీతినే తలవంచుకొన్నవి. పైగా తినకయే తిట్లు తిన్న కుక్కలు మఱింత దీనముగ తోచినవి. అనగా ఆ తలవంపు చేసిన తప్పును చెప్పుట లేదు. మన కోపమును చెప్పుచున్నది. ఇది కుక్కల విషయమే. తల్లిదండ్రులు మఱియొక విధముగ అన్వయించుకొన్నచో మాకభ్యంతరము లేదు.

భయపడినవానిని కుక్క పసిగట్టునని మన పెద్దలందురు. ఇందు సత్యము కలదు. 2022లో బెల్‌ఫాస్టు నగరమున జరిగిన ప్రయోగములో నాలుగు కుక్కలు, ఒకే మనిషి నెమ్మదిగ నున్నప్పటి చెమటను శ్వాసను, కలతపడినప్పటి చెమటను శ్వాసను నూటికి 93కు పైగా సరిగా వేఱుచేసినవి. కాని పిల్లలకు ‘భయపడకు’మని చెప్పుట వ్యర్థము, భయము చెప్పుమాట వినదు. చెప్పవలసినది ‘పరుగెత్తకు’మని. పరుగెత్తు దానిని తఱుముట కుక్కకు వేటనాటి గుణము.

ఇంతవరకు అది మనలను చదువుటను గూర్చి చెప్పితిమి. మనము దానిని ఎంత చదివితిమి? పెద్దలు కొంత చదివినవారే. డెంకణికోట, తళి అడవుల అంచున రాగిచేల కావలియుండు రైతు మంచెపై పండుకొని, కుక్క మొఱుగుటను వినియే వచ్చినది నక్కయో, మనిషియో, ఏనుగో చెప్పును. బుడాపెస్టు పరిశోధకులు 2005లో కుక్కల అరపులను పలకరింపులను రికార్డు చేసి వినిపించినప్పుడు, కుక్కను ఎన్నడును పెంచనివారు సైతము కోపపు అరపును, ఆటలోని అరపును, ఒంటరితనపు అరపును చాలవరకు గుర్తించిరి. చెవికి తెలిసినంత కంటికి తెలియదు. ఇందు పసివారి సంగతి మఱియు అధ్వాన్నము. ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయపు కెర్‌స్టిన్ మైంట్స్ బృందమువారు 2018లో ప్రకటించిన పరిశోధనలో, పండ్లు బయటపెట్టి గుఱ్ఱుమను కుక్కను చూచి చిన్నపిల్లలు పలువురు ‘నవ్వుచున్నది’ యనిరి. బిడ్డకు పండ్లు కనబడుట యనగా నవ్వే. నవ్వుచున్న దానిని ముద్దాడ పోవుటలో బిడ్డ తప్పేమున్నది?

కావున బిడ్డకు ఈ రెండవ అక్షరమాలను మనమే దిద్దింపవలెను. తోక యాడించుట స్నేహమే యనుకొనరాదు. కుక్కతోక వంకర సంగతి లోకమెఱిగినదే. అది ఏ ప్రక్కకు ఎక్కువ ఊగునో 2007లో ఇటలీవారు కొలిచిరి. యజమానిని చూచినప్పుడు కుడివైపునకును, తనను బెదరించు క్రొత్త కుక్కను చూచినప్పుడు ఎడమవైపునకును మొగ్గినది. వీధిలో నిలిచి కుడియెడమలు లెక్కింపుమని బిడ్డకు చెప్పబోము. ఒడలంతయు మెత్తగా కదలుచున్నచో మంచిది. తోక మాత్రము ఊగుచు ఒడలు కఱ్ఱవలె బిగిసినచో దూరము తొలగవలెను. నిద్ర లేకయే ఆవులించుట, తిండి లేకయే పెదవులు నాకుకొనుట, మొగము త్రిప్పుకొని కంటి తెల్లగుడ్డుతో చూచుట, చెవులు వెనుకకు వాల్చుట, ఇవి ‘నన్ను విడువుము’ అను మాటలు. గుఱ్ఱుమనుట ఆఖరి మాట. గుఱ్ఱుమన్నందుకు కుక్కను కొట్టువారు గలరు; అట్టి కుక్క మఱునాడు గుఱ్ఱుమనక కరచును. చెప్పు నోటిని మూయించి, చెప్పలేదని నిందించుట యేమి న్యాయము?

తినుచున్న కుక్క, నిద్రించు కుక్క, గొలుసుతో కట్టిన కుక్క, కూనలను పెట్టిన తల్లికుక్క, ఈ నాలుగింటి దరికి పోరాదని బిడ్డకు ముందుగ చెప్పుడు. కుక్క మీదికి వచ్చినచో చెట్టువలె నిలిచి, చేతులు ఒడలికి చేర్చి, దాని కన్నులలోనికి చూడక, అది వాసనచూచి తొలగిన పిదప మెల్లగ వెనుకకు జరుగవలెను. క్రింద పడినచో మోకాళ్ళు ముడిచి, మెడను చెవులను చేతులతో కప్పుకొని బంతివలె చుట్టుకొనవలెను. ఇంటిలో ఆటగా ఒకటి రెండుమాఱులు చేయించినచో పిల్లలు మఱవరు.

రాళ్ళు రువ్వు పిల్లల విషయమున మాకు పురాణమే తోడు. నన్నయగారి భారతము చదివిన పై తరగతుల బాలురు సరమ కథ ఎఱుగుదురు. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన సారమేయుడు అను కుక్కపిల్లను రాజు తమ్ములు ఊరక కొట్టిరి. అది ఏడ్చుచు తల్లికి చెప్పుకొన్నది. దేవశుని యగు సరమ వచ్చి, నిరపరాధిని కొట్టినవారికి అనుకొనని భయములు వచ్చునని చెప్పిపోయినది. వీధికుక్క ఆ శాపమును నోటితో పలుకదు. నిన్న రాయి తినినది నేడు అదే చొక్కా వేసికొని, అదే సంచి తగిలించుకొనివచ్చు మఱియొక బాలునిపై పడును. రువ్వినవాడొకడు, కరపించుకొనువాడొకడు.

కాటును గూర్చి చెప్పక విడువజాలము. ప్రపంచములో రేబిసు వ్యాధిచే మరణించువారిలో నూటికి 36 మంది మన దేశమువారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. అనుమానింపదగిన జంతువులు కరచినవారిలో నూటికి 40 మంది పదునైదేండ్లలోపు పిల్లలు. 2025 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము పాఠశాలలు, వైద్యశాలలు, బస్‌స్టాండులు మున్నగు తావులకు కంచెలు వేసి, అచ్చటి వీధికుక్కలను తొలగింపవలెనని ఆజ్ఞాపించెను. ఆవరణకు గోడ కట్టవచ్చును. ఇంటికిని పాఠశాలకును నడుమనున్న దారికి గోడ లేదు.

వ్యాధి కుక్క చొంగలో నుండును. కాటువలననే గాక, గోటిగీరువలనను, పుండును నాకుటవలనను ప్రవేశించి, నరములవెంట మెల్లగ మెదడునకు ప్రాకును. అది మెదడు చేరి లక్షణములు బయటపడిన పిదప బ్రదికినవారు అరుదాతిఅరుదు. చేరులోపల అడ్డుకొనుట మాత్రము తప్పక సాధ్యము. 1885 జూలై 6వ తేదీన పారిస్ నగరమున లూయీ పాస్టర్ తొమ్మిదేండ్ల జోసఫ్ మైస్టర్ అను బాలునికి మందు ఎక్కించి దీనిని చూపెను. మన రాష్ట్రముననే కూనూరులో 1907లో ఆయన పేరిట సంస్థ వెలసినది. పూర్వము బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడిచెడివారు. ఆ మందును మన దేశమున 2005 నాటికి విడిచిపెట్టిరి. ఇప్పుడు సూది భుజమునకే. కాటుపడిన దినముననే మొదటిది. అటు పిమ్మట 3, 7, 28 దినములకు చర్మములో. కండరములో వేయునచో 14వ దినమున గూడ. గాయము లోతైనచో దానిచుట్టు వేయవలసిన మఱియొక మందును వైద్యుడు చెప్పును. ప్రభుత్వ వైద్యశాలలలో ఇది ఉచితము.

వైద్యశాలకు పోవుటకు ముందే చేయవలసినదొకటి కలదు. ధారగా పడు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు గాయమును కడుగవలెను. గడియారము చూచి పదునైదు నిమిషములు. రెండు నిమిషములకే చాలుననిపించును, చాలదు. పసుపు, కారము, సున్నము, కాఫీపొడి పెట్టరాదు; కట్టు కట్టరాదు. చిన్న కూన కదా, ఇంటికుక్క కదా యని ఊరకుండరాదు.

మాకు అన్నిటికంటె భయము కలిగించునది కాటు కాదు, దాచిన కాటు. కుక్కతో ఆడవద్దని తండ్రి చెప్పెను, బాలుడు ఆడెను, పిక్కపై చిన్న గీరు పడెను. తిట్లు తప్పించుకొనుటకు లాగు దించి కప్పుకొనెను. పదునాలుగు సూదుల కథను అవ్వ చెప్పగా వినియున్నాడు, అదియొక భయము. ఆ గీరు రెండు దినములలో మానిపోవును, లోనిది మానదు. వాని ముఖము చూచి కుక్కయే తెలిసికొనును, వీడు ఏదో దాచుచున్నాడని. మనకు తెలియదు. కావున ఈ దినమున ఇంటికి పోయి, కుక్కను గూర్చి ఏమి చెప్పినను చెప్పకున్నను, బిడ్డతో ఇంతమాత్రము చెప్పుడు: కుక్క కరచినను గీచినను వెంటనే వచ్చి చెప్పుము, నిన్ను తిట్టము, కొట్టము, సూది భుజమునకే. చెప్పిన తరువాత ఆ మాట నిలుపుకొనుడు. సూదిచీటిపై వైద్యుడు వ్రాసిన తేదీలను ఇంటి క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనుడు. మూడవ సూదికి గాయము మానియుండును, నాలుగవదానికి పరీక్షలు వచ్చియుండును. ఆ రెండింటిచోటనే పలువురు మానివేయుచున్నారు. పరీక్షరోజైనను తరగతి ఉపాధ్యాయునికి ముందుగ చెప్పినచో ఒక గంట అనుమతి దొరకును.

 ప్రశ్నలు గలవారు సభానంతరమున వరండాలో మమ్ము కలిసికొనవచ్చును.